మూడు కాయిళ్ళు కాలిన గీజరు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర ఊరు. మావారు టీచరుగా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళ కిందట మేడ మీద రెండు గదులు వేసుకున్నప్పుడు మా అబ్బాయి అమెరికా నుంచే ఆన్‌లైన్లో గీజరు, వాషింగ్ మెషీను, ఇన్వర్టరు అన్నీ బుక్ చేసి పంపించాడు. ఈ నాలుగేళ్ళలో గీజరుకి రెండుసార్లు కాయిల్ మార్పించాం. మొన్న కార్తీక మాసం మొదట్లో స్విచ్చి వేస్తే ఆ మూడో కాయిలూ పోయింది. వాషింగ్ మెషీను నీళ్ళు ఎక్కించుకోకుండా ఏదో కోడ్ చూపించి ఆగిపోతోంది. చూడ్డానికి వచ్చినతను బోర్డు పోయింది, ఎనిమిది వేలవుతుందన్నాడు. ఇన్వర్టరు గంట కూడా నిలవడం లేదు. ఎవరికి ఫోన్ చేసినా రేపు, ఎల్లుండి అంటారు. వాళ్ళ కోసం గుడికి కూడా పోకుండా ఇంట్లో కాచుకుని కూర్చుంటున్నాను. అబ్బాయేమో పాతవి పారేసి కొత్తవి కొనుక్కోమంటాడు. వాడుండేది మిన్నెసోటాలో. పోయిన చలికాలం వాళ్ళింట్లో ఫర్నేసు ఆగిపోయి రెండు రోజులు వణికిపోయారు. మావారేమో ఈ డబ్బాలన్నీ పాత సామాన్లవాడికి వేసేసి, వాళ్ళమ్మ వాడిన ఇత్తడి బాయిలర్ అటక మీద నుంచి దించుకుందామంటారు. పక్కింటివాళ్ళు సోలార్ పెట్టుకోమంటారు. ఎవరి మాట వినాలి? ఇన్ని వస్తువులు వరసగా పాడవుతుంటే నాకే వాడడం చేతకావడం లేదేమో అనిపిస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, కనిగిరి ప్రాంతం

సమాధానం:

అమ్మా,

మీరు చివర్లో రాసిన మాటకి ముందు జవాబు చెప్తాను. మీకు చేతకాకపోవడం ఏమీ లేదు. ఒకే గీజర్లో మూడు కాయిళ్ళు పోయాయంటే, వచ్చినవాళ్ళు కాయిల్ మార్చారే గానీ అది ఎందుకు కాలిందని ఎవరూ అడగలేదని అర్థం.

నేను నెల్లూరులో ముప్పై ఏళ్ళకు పైగా మోటార్లు వైండింగ్ చేసి బతికినవాణ్ణి. కొత్తల్లో నేనూ అంతే. రైతు కాలిపోయిన మోటారు ట్రాక్టర్లో వేసుకొచ్చి దించితే, మాడిన తీగ పీకి కొత్త తీగ చుట్టి పంపించేవాణ్ణి. నెల తిరక్కుండా అదే మోటారు మళ్ళీ వచ్చేది. నా పనితనం మీద నాకే అనుమానం వచ్చింది. ఓసారి ఉదయగిరి వైపు ఒక రైతు వెంట పొలానికి పోయి చూశాను. సాయంత్రం ఆరింటికి మోటారు దగ్గర వోల్టేజి 300 కూడా లేదు, త్రీఫేజ్ మోటారుకి 415 ఉండాల్సిన చోట. తీగ మళ్ళీ కాలక ఏం చేస్తుంది? కాలిన మోటారు వచ్చి పడేది నా కొట్టు ముందర, జబ్బు ఉండేది పొలం దగ్గర. మీ ఇంట్లో వరసగా పోతున్న వస్తువుల కథ కూడా నాకు అట్లాగే కనపడుతోంది. ఒక్కోదానికి ఒక్కో శాపం ఉండదు. అన్నిటిలోకీ పోయేవి రెండే: మీ బోరు నీళ్ళు, మీ కరెంటు.

ముందు నీళ్ళ సంగతి. కనిగిరి, పొదిలి, దర్శి అంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది పళ్ళకీ ఎముకలకీ శత్రువు. గీజర్ని చంపేది అది కాదు, నీళ్ళలో కరిగి ఉండే సున్నం, మెగ్నీషియం. మీ ఇడ్లీ పాత్ర అడుగు చూడండి, తెల్లగా పొర కట్టి ఉంటుంది. తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని మన దేశంలో ప్రమాణం. మన మెట్ట ప్రాంతం బోర్లలో ఎన్నో ఆ రెండో అంకెను కూడా దాటిపోతాయి. మామూలుగా ఉన్నప్పుడు ఆ సున్నం కంటికి కనపడదు. కాచగానే విడిపోయి, ఎక్కువ వేడిగా ఉన్న చోటుకే పోయి అతుక్కుంటుంది. గీజర్లో అన్నిటికన్నా వేడిగా ఉండేది కాయిలే కదా.

నాలుగు నెలల కిందట మా పక్క వీధిలో ఒక గీజరు విప్పాను. నాలుగు బోల్టులు వదులు చేసి కాయిల్ బయటికి లాగబోతే రాలేదు. మొండిగా బిగుసుకుపోయింది. అటూ ఇటూ ఆడించి లాగితే రంధ్రం లోంచి ముందు నీళ్ళు కాదు, తెల్లటి పెంకులు పడ్డాయి, గుడ్డు పెంకుల్లాగా. బకెట్టు అడుగు నిండింది. కాయిల్ మీద బొటనవేలు మందాన గార. నీళ్ళని తాకాల్సిన లోహం నీళ్ళని తాకే దారే లేదు. లోపలి వేడి బయటికి పోలేక, కాయిల్ తనని తానే మాడ్చుకుంది. ఆ ఇంటావిడ చెప్పింది, రెండు మూడు నెలలుగా గీజరు వేస్తే జొన్నలు పేలినట్టు చిటపట శబ్దం వస్తోందని. గార కింద చిక్కుకున్న నీటి చుక్కలు ఆవిరై పేలే చప్పుడు అది. మీరూ విని ఉంటారు. గీజరు అట్లా మాట్లాడుతోందంటే కాయిల్ ఇంకా బతికే ఉంది, శుభ్రం చేయించండి అని చెప్పడమే. ఎవరూ వినిపించుకోరు.

కాబట్టి ఇప్పుడు వచ్చే మెకానిక్‌తో కాయిల్ మార్చమని మాత్రమే చెప్పకండి. మెయిన్‌లో ఆ లైను దించి, ట్యాంకు నీళ్ళన్నీ వదిలేసి, లోపల చెయ్యి పెట్టి గార అంతా తీయమనండి. ట్యాంకులో గట్టిగా పట్టినదాన్ని ఉలి పెట్టి కొట్టనివ్వకండి, లోపలి గాజు పూత పగులుతుంది. యాసిడ్ పోస్తానంటే అసలు ఒప్పుకోవద్దు. బాత్‌రూం కడిగే యాసిడ్ గారతో పాటు, పూత పగిలిన చోట ట్యాంకు ఇనుమునీ, కాయిల్ రాగినీ కూడా తినేస్తుంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. రెండు లీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో వంద గ్రాములు కలిపి కాయిల్ని అందులో నానబెడితే బుసబుసమని నురగొస్తుంది. నురగ ఆగిందంటే ఆ నీళ్ళ బలం అయిపోయినట్టు, లేదా గార అయిపోయినట్టు. ఇడ్లీ పాత్రలో చింతపండు ముక్కో నిమ్మ తొక్కో ఎందుకు వేస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇదీ అదే వైద్యం. ఈసారి కాలిపోయిన కాయిల్ ఎట్లాగూ మార్చాలి, ఈ స్నానం పోయించాల్సింది కొత్త కాయిల్‌కి, ఏటా.

ఇంకొక్క వస్తువు ఉంది, దాని పేరు మీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. కాయిల్ పక్కనే చేతి వేలంత మెగ్నీషియం రాడ్ ఒకటి బిగించి ఉంటుంది. దాని పని తాను అరిగిపోవడమే. నీళ్ళు ట్యాంకు ఇనుమును తినకుండా ముందు దాన్ని తింటాయి. నాలుగేళ్ళలో మీది సన్నటి పుల్లలా మిగిలి ఉంటుంది, లేదా లోపలి కమ్మీ ఒక్కటే ఉంటుంది. కాయిల్‌తో పోలిస్తే దాని ఖర్చు పెద్దదేం కాదు. మార్చకపోతే మాత్రం ఆ తర్వాత అరిగేది ట్యాంకే. ట్యాంకు కారితే వెల్డింగులూ మాట్లూ పనికిరావు, అప్పుడు మీ అబ్బాయి మాట వినొచ్చు. ట్యాంకు గట్టిగా ఉంటే కాయిల్, రాడ్, కొత్త రబ్బరు వాషరు వేయించి అదే వాడుకోండి. అన్నీ బిగించాక ట్యాంకు నిండి, వేడి నీళ్ళ కుళాయిలో ధార వచ్చేదాకా స్విచ్చి వెయ్యనివ్వకండి. ఖాళీ ట్యాంకులో కాయిల్ వెలిగిస్తే నిమిషాల్లో పోతుంది. కొత్త కాయిల్ బిగించిన రోజే మాడిపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

వాడకంలో ఒకటే మార్పు. గీజరు మీద తిప్పే బిరడా చివరిదాకా తిప్పి పెట్టి ఉంటారు, అందరిళ్ళలోనూ అంతే. 75 డిగ్రీల నీళ్ళు కాచుకుని అందులో రెండింతలు చన్నీళ్ళు కలుపుకోవడం ఎందుకు? వేడి పెరిగేకొద్దీ గార జోరుగా పడుతుంది. 55 దగ్గర పెట్టండి. 25 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లు అంతవరకు కాగడానికి 2000 వాట్ల కాయిల్‌కి పావుగంట చాలు, అర యూనిట్ కరెంటు. అంతకు రెట్టింపు సేపు పడుతోందంటే వోల్టేజి తక్కువైనా అయ్యుండాలి, లోపల ఏదో తేడా అయినా వచ్చి ఉండాలి. గడియారం పెట్టుకుని నెలకోసారి చూడండి, ఏ మెకానిక్కూ అక్కర్లేదు. గీజరు కింద వాల్వు నుంచి, నీళ్ళు కాగేటప్పుడు నాలుగు చుక్కలు కారితే కంగారు పడొద్దు. నీళ్ళు వేడెక్కి ఉబ్బుతాయి, ఆ ఒత్తిడి పోయే దారి అది. కారుతోందని ఎం-సీల్ పెట్టి మూసేసినవాళ్ళని చూశాను. బాత్‌రూంలో బాంబు పెట్టుకోవడమే అది.

ఇక అసలు మందు. మీ వీధిలో పంచాయతీ కుళాయికి మంచినీళ్ళు వస్తుంటే, గీజరుకి పోయే పైపుని బోరు ట్యాంకు నుంచి విడదీయించండి. మేడ మీద 200 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి పెట్టించి, కుళాయి నీళ్ళు వచ్చే రోజు అందులోకి ఎక్కించుకోండి. దాన్నుంచి గీజరుకీ వాషింగ్ మెషీనుకీ మాత్రమే లైను. ఇద్దరు మనుషులకి సరిపోతుంది. ప్లంబరుకి ఒక పూట పని. ఆ ఏర్పాటు కుదరకపోతే, ఉప్పుతో నడిచే సాఫ్టనర్ ఆ ఒక్క లైనుకే పెట్టించుకోవచ్చు. ఇల్లు మొత్తానికి పెట్టాలంటే ఖర్చు మామూలుగా ఉండదు, ఉప్పు పోసే పని కూడా మీ మీదే పడుతుంది. దాని నీళ్ళు తాగడానికి పనికిరావు, అది ఫ్లోరైడ్‌ని తీయదు. పైపుకి అయస్కాంతం తగిలిస్తే సున్నం పారిపోతుందని అమ్మేవాళ్ళు వస్తారు. నేను చూసిన రెండిళ్ళలో అయస్కాంతం ఉంది, గారా ఉంది.

సోలార్ వద్దనను. మీ వైపు ఎండకి కొదవ లేదు. కానీ మీకు వేన్నీళ్ళు కావాల్సింది కార్తీకం నుంచి మాఘం దాకా. ఈశాన్య రుతుపవనాలు మనకి వానలు తెచ్చేది కూడా అందులో మొదటి నెలల్లోనే. మబ్బు పట్టిన నాలుగు రోజులు మళ్ళీ కరెంటు కాయిలే దిక్కు. పైగా సన్నటి రాగి పైపులు పలకలో పరిచి ఉండే రకంలో మీ బోరు నీళ్ళు నేరుగా పోస్తే రెండేళ్ళలో పూడుకుపోతాయి. గాజు గొట్టాల రకం కొంత తట్టుకుంటుంది, దాన్నీ ఏటా కడగాలి. అబ్బాయి కుటుంబంతో వచ్చి స్థిరపడితే అప్పుడు ఆలోచించండి.

గీజరు బాగయ్యేలోపు రాడ్ హీటరు వాడుతున్నారేమో, ఉత్తరంలో రాయలేదు గానీ నాకు అనుమానం. వాడితే ప్లాస్టిక్ బకెట్లోనే పెట్టండి, నీళ్ళు ముట్టుకునే ముందు ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్చి ఆపితే చాలదు. ఇనప బకెట్లో వేసి నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూసినవాళ్ళ కథలు మీకూ తెలుసు.

వాషింగ్ మెషీను ఎనిమిది వేల బోర్డు. ఆగండి. నీళ్ళు ఎక్కించుకోవడం లేదని మీరే రాశారు. మెషీను వెనక నీళ్ళ పైపు బిగించే చోట పైపు విప్పి చూస్తే, లోపల గోరంత జల్లెడ ఉంటుంది. చిన్న కటింగ్ ప్లేయరుతో లాగితే వస్తుంది. మీ నీళ్ళకి ఆ జల్లెడ కళ్ళన్నీ తెల్లగా మూసుకుపోయి ఉంటాయని నా పందెం. మెషీను ఇన్ని నిమిషాల్లో ఇంత నీళ్ళు రావాలని లెక్క పెట్టుకుంటుంది. రాకపోతే కోడ్ చూపించి ఆగిపోతుంది. దాని బుర్ర సరిగా పనిచేస్తోందనడానికి అదే గుర్తు. జల్లెడ నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి, పాత టూత్‌బ్రష్‌తో తోమి పెట్టండి. ప్లగ్గు తీసి, కుళాయి కట్టేశాక ఈ పని మీరే చేసుకోవచ్చు. నీళ్ళు బయటికి పోకుండా ఆగిపోతే, ముందు తలుపు ఉండే రకంలో ముందు వైపు కింద మూలన చిన్న మూత ఉంటుంది. మా చెల్లెలి ఇంట్లో బోర్డు మార్చాలన్న మెషీన్లో ఆ మూత తిప్పితే ఒక పిన్నీసు, రెండు జాకెట్టు హుక్కులు, ఐదు రూపాయల బిళ్ళ బయటపడ్డాయి. బిళ్ళ ఆవిడ దాచుకుంది.

బోర్డులు పోవని కాదు. పోతాయి, మనవైపు ఎక్కువే పోతాయి. వేడి కోసం బల్లులు దూరతాయి, చీమలు పుట్టలు పెడతాయి. అన్నిటికన్నా పెద్ద శత్రువు వోల్టేజి. స్తంభం మీద న్యూట్రల్ తీగ ఊడితే 230 రావాల్సిన ఇంట్లోకి 300, ఇంకా పైకి కూడా రావచ్చు. బల్బులు ఉన్నట్టుండి ధగధగా వెలిగితే కారణం వెతకకుండా పరుగెత్తి మెయిన్ దించి, 1912కి ఫోన్ చెయ్యండి. చాలా బోర్డుల్లో ఇట్లాంటి దెబ్బ ముందు తను తినడానికి బటాణీ గింజంత బిళ్ళ, పక్కన ఒక ఫ్యూజు ఉంటాయి. అవి పోతే చాలాసార్లు అవి రెండు మారిస్తే బోర్డు లేస్తుంది. కంపెనీ మనిషి బోర్డు మొత్తం మార్చడం తప్ప వేరే చెయ్యడు, అతనికి అట్లాగే నేర్పారు. టీవీ బోర్డులు రిపేరు చేసే కుర్రాడు మీ దగ్గర బజార్లో ఉంటాడు. బోర్డు విప్పించి ముందు అతనికి చూపించండి.

మీ ఇంటి ఎర్తింగు ఎప్పుడు చూపించారు? ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు పోసి గుంత పెట్టి ఉంటారు. ఆ గుంతలో తేమ ఉంటేనే అది ఎర్తింగు. మీ వైపు మార్చి నుంచి వానలు పడేదాకా నేల నోరు తెరుచుకుని ఉంటుంది, గుంతలో తేమ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎండాకాలం వారానికి రెండు బిందెలు పొయ్యండి. గీజరు 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, మందపాటి తీగ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 30 మిల్లీ ఆంపియర్లకి పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించండి, కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి అది. ఈ ఉత్తరంలో నేను చెప్పినవాటిలో ఇది ఒక్కటీ వాయిదా వెయ్యొద్దు. మిగతావి పాడైతే డబ్బు పోతుంది. బాత్‌రూంలో తడి ఒంటితో ముట్టుకునే వస్తువు మీద కరెంటు దిగితే పోయేది మనిషి.

ఇన్వర్టరుకి ఒక్క ప్రశ్న. బ్యాటరీలో ఏ నీళ్ళు పోశారు? డిస్టిల్డ్ వాటర్ కాకుండా బోరు నీళ్ళో, ఇంట్లో ఫిల్టరు నీళ్ళో పోసి ఉంటే అదే కారణం. ఫిల్టరు నీళ్ళలో కూడా ఉప్పు మిగిలే ఉంటుంది. 150 ఏహెచ్ బ్యాటరీ బాగుంటే రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు ఆరు గంటలైనా లాగాలి. గంట నిలవట్లేదంటే నాలుగేళ్ళకి బ్యాటరీ ముసలిదైపోయింది. ఇన్వర్టరు మార్చక్కర్లేదు. పాత బ్యాటరీ ఇస్తే సీసం ధర తగ్గించుకుని కొత్తది ఇస్తారు, బేరం ఆడండి.

ఇప్పుడు ఆ 'రేపు' సంగతి. ఒప్పుకుంటున్నాను, నేనూ చాలామందికి రేపు అని చెప్పినవాణ్ణే. దూరం ఊరు పోయి చూసి 'ఏం లేదమ్మా, జల్లెడ మూసుకుంది' అంటే, ఏం లేనిదానికి డబ్బులెందుకని వట్టి చేతులతో పంపిస్తారు. అదే పని మీద 'కాయిల్ పోయింది' అంటే గొణక్కుండా ఇస్తారు. మంచివాణ్ణి కూడా అబద్ధాలకోరు చేసేది ఇదే. మీ ఊరికి దగ్గర్లో ఒక మనిషిని ఎంచుకోండి. వచ్చి చూసినందుకే ఇంత ఇస్తానని ముందే చెప్పండి, ఏమీ మార్చకపోయినా ఇవ్వండి. మార్చిన ప్రతిదానికీ బిల్లు, తీసిన పాత సామాను మీ చేతిలో పెట్టాలి. ఇక నుంచి సామాను కూడా అతను చూసుకోగలిగిన రకమే, మీ దగ్గర షాపులోనే కొనండి. ఆన్‌లైన్లో ఐదొందలు తక్కువకి వచ్చినది ఎంతమందిని బతిమాలించిందో మీకు తెలుసు.

ఏడాదికింత అని కట్టించుకునే ఏఎంసీల కాగితం కట్టకముందే చదవండి, మీవారు టీచరంటున్నారుగా, ఆయనకిచ్చి చదివించండి. చాలావాటిలో ఉప్పు నీళ్ళ వల్ల వచ్చే లోపాలకి వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ ఊళ్ళో ఉప్పు నీళ్ళ వల్ల రాని లోపం ఏముంది? కస్టమర్ కేర్ నంబరు వారంటీ కార్డు మీద చూసి చెయ్యండి, ఫోన్లో వెతికితే దొంగ నంబర్లు పైన వస్తాయి. ఓటీపీ అడిగినా, ఏదైనా యాప్ వేసుకోమన్నా పెట్టెయ్యండి. డబ్బు పోతే వెంటనే 1930. వారంటీలో ఉండగా తిప్పించుకుంటుంటే 1915కి చెప్పండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. బిల్లులు పెట్టుకున్నారా లేదా అన్నదే అసలు సమస్య. బీరువాలో కవరొకటి దానికే కేటాయించండి.

మీ అబ్బాయి ఫర్నేసు గురించి కూడా నాలుగు మాటలు, ఎందుకంటే మా అమ్మాయీ ఆ చలి దేశంలోనే ఉంటుంది. సున్నాకి 20 డిగ్రీలు కిందికి పోయిన రాత్రి వాళ్ళింట్లో ఫర్నేసు వెలిగినట్టే వెలిగి ఆరిపోతోందని వీడియో కాల్ చేసింది. అక్కడ ఇల్లు చల్లబడితే గోడల్లోని నీళ్ళ పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి. ఆ ఫర్నేసులో గ్యాస్ మంటకి ఎదురుగా బాల్‌పెన్ రీఫిల్ అంత లోహపు కడ్డీ ఒకటి ఉంటుంది. మంట ఉందని ఆ కడ్డీ ద్వారా బోర్డుకి తెలియాలి. మంట ఉందని తెలియకపోతే, వెలగని గ్యాస్ ఇల్లంతా నిండుతుందేమోనని బోర్డు కొన్ని సెకండ్లలో గ్యాస్ కట్టేస్తుంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి తలుపేసుకుని కూర్చుంటుంది. కరెంటు ఆపించి, ఆ కడ్డీని సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దమన్నాను. దాని మీద తెల్లటి సన్నని పొర. రుద్ది పెట్టగానే ఫర్నేసు ఎప్పటిలా నడిచింది. మీ గీజరు కాయిల్ మీద గార, వాషింగ్ మెషీను జల్లెడ మీద గార, అక్కడ కడ్డీ మీద పొర. ఏడు సముద్రాల అవతల కూడా అదే తంతు. చలి మొదలయ్యే ముందే ఆ కడ్డీ శుభ్రం చేయించుకుని, గాలి ఫిల్టరు మార్చుకుని, నీళ్ళు పోయే సన్నటి డ్రెయిన్ పైపు పూడకుండా చూసుకోమని చెప్పండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏదీ ముట్టుకోకుండా ఇంట్లోంచి బయటికి నడవాలి. అన్నట్టు, రెండు రోజులు వణికించిన ఆ ఫర్నేసు పారేసి కొత్తది కొన్నాడా ఏమిటి, అడగండి.

ఇవన్నీ ఎప్పుడు చేయించాలంటే, దసరా ముందర. ఆయుధ పూజ రోజు ఇంట్లో మెషీన్లకి బొట్టు పెడతారు కదా. ఆ వారంలోనే గీజరు విప్పించండి, జల్లెడలు కడగండి, బ్యాటరీ నీళ్ళు చూడండి, ఆ తర్వాతే కుంకం. కార్తీకం వచ్చేనాటికి అందరూ మెకానిక్ కోసం పడిగాపులు పడుతుంటారు, మీరు మాత్రం గుడికి పోవచ్చు. ఈ ఏటికి దసరా దాటిపోయింది కాబట్టి ఇప్పుడే చేయించండి.

మీవారి ఇత్తడి బాయిలర్ని అమ్మకండి, దించనివ్వండి కూడా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మా వీధిలో కరెంటు లేని రోజుల్లో వేన్నీళ్ళు దొరికింది బాయిలర్ ఉన్న ఒక్క ఇంట్లోనే. భోగి నాడు పెరట్లో పెట్టి కొబ్బరి మట్టలతో కాచుకుంటే ఆయనకి వాళ్ళమ్మ గుర్తొస్తుంది, ఒకరోజు పొగ మీరూ భరించగలరు. రోజూ అంటే మాత్రం కట్టెలు తెచ్చేది, ఊదేది, మసి తోమేది ఎవరో ముందు మాట్లాడుకోండి. అది ఎప్పుడూ పాడవలేదని ఆయన అంటారు. మూత తీసి, టార్చి లైటు వేసి లోపలి గొట్టం చుట్టూ గరిటె కాడతో గీకి చూడమనండి. ఎంత గార రాలిందో నాకు రాయండి.